మీ ప్రశ్నలు – మా జవాబులు: అచ్చమాంబ గారి అసలు పని

ప్రశ్న: భండారు అచ్చమాంబ గారంటే తొలి తెలుగు కథ రాసినావిడ అనే విన్నాను. ఈమధ్య మా లెక్చరర్ గారు ఆవిడ చరిత్రలోని స్త్రీల జీవితచరిత్రలు కూడా రాశారని చెప్పారు. బడికే వెళ్లని మనిషి అంత పని ఎలా చేయగలిగారండీ?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. అచ్చమాంబ గారి పేరు ఎత్తితే చాలు, 1902లో వచ్చిన ఆవిడ 'ధనత్రయోదశి' తొలి కథా, 1910 నాటి గురజాడ గారి 'దిద్దుబాటు' తొలి కథా అన్న వాదనలోకి వెళ్లిపోతాం, అక్కడే ఆగిపోతాం. ఆవిడ ఏళ్ల తరబడి కష్టపడింది మాత్రం జీవితచరిత్రల మీద.

పుట్టింది 1874లో, అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో. చిన్నప్పుడే తండ్రి పోయారు, చిన్నప్పుడే పెళ్లీ అయిపోయింది. భర్త మాధవరావు గారి ఉద్యోగం మధ్య పరగణాల్లో కాబట్టి కాపురం నాగపూర్ వైపు. చదువుకోడానికి తమ్ముడు కూడా అక్కడికే వచ్చాడు. ఆ తమ్ముడే తర్వాత తెలుగులో చరిత్ర, విజ్ఞాన పుస్తకాలు వేసిన విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు. తమ్ముడు పుస్తకం తీస్తే అక్క పక్కన కూర్చునేది, అదే ఆవిడ బడి. తెలుగు, హిందీ, మరాఠీ, తర్వాత ఇంగ్లిషు, అన్నీ ఇంట్లోనే వచ్చాయి. మరాఠీ రావడం ఎంత కలిసొచ్చిందో చూడండి, అప్పటికి తెలుగులో దొరకని చరిత్ర ఎంతో ఆ భాషలో చదువుకోవచ్చు.

మధ్యలో కడుపున పుట్టిన ఇద్దరు పిల్లలూ పోయారు. ఆ దుఃఖంలోనే దిక్కులేని పిల్లల్ని చేరదీసి పెంచుతూ, చదువుతూ, రాస్తూ 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం తెచ్చారు. అందులో దాదాపు వెయ్యేళ్ల కాలానికి చెందిన 34 మంది భారతీయ స్త్రీల చరిత్రలున్నాయి. పేరులో 'అబల' ఉంది కదా అని పొరబడకండి. స్త్రీలు బలం లేనివాళ్లు, బుద్ధి లేనివాళ్లు అనే మాట అబద్ధమని చూపించడమే తన మొదటి ఉద్దేశమని ముందుమాటలోనే రాసుకున్నారు. అంటే ఒక్కొక్కరి కథా ఆ వాదానికి ఒక్కో సాక్ష్యం. వట్టి ఉపన్యాసం ఇస్తే ఎదుటివాళ్లు కాదు పొమ్మనొచ్చు, రాజ్యమేలిన ఆడమనిషి బతుకంతా ముందు పెడితే ఏమంటారు?

రెండో భాగంలో వేద, పురాణ కాలాల స్త్రీల గురించి, మూడో దాంట్లో విదేశీ స్త్రీల గురించి రాయాలనుకున్నారు. ఆ లోపలే 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు, ఊళ్లు తిరిగి స్త్రీలను కూడగట్టారు. రెండో భాగం రాస్తుండగానే 1905 జనవరిలో పోయారు. ముప్పై ఒక్కేళ్లు కూడా నిండలేదు. ఆ మూడో భాగం ఎలా ఉండేదో అని నాకిప్పటికీ మనసు పీకుతుంది.

ప్రశ్న: ఆ పుస్తకం ఇప్పుడు దొరుకుతుందా? భాష అర్థం కాదేమోనని కాస్త టెన్షన్‌గా ఉంది.
– అదే పాఠకురాలు

జవాబు: తెలుగు వికీసోర్స్‌లో ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. భాష గ్రాంథికమే, మొదటి రెండు మూడు పేజీలు కాళ్లకు అడ్డం పడతాయి. పైకి చదవండి, వాక్యం ఎక్కడ విరుగుతుందో చెవికి తెలిసిపోతుంది. వరసగా చదవాలని కూడా లేదు. ముందుమాట మాత్రం వదలొద్దు, అది చదివాక మీకు ముందే పేరు తెలిసిన ఒక స్త్రీ చరిత్ర పట్టుకోండి.