పేదల ఇళ్ల కోసం అడగడం ఆరోగ్యానికి ఎలా మేలు చేస్తుంది?

చవకైన ఇళ్లు కావాలని పోరాడితే బస్తీ ఆరోగ్యం నిజంగా బాగుపడుతుందా అన్నది ప్రశ్న. బాగుపడుతుంది. జీతంలో సగం అద్దెకే పోతే కోత పడేది తిండికీ, మందులకే. ఇరుకు గదిలో ఒకరికి టీబీ వస్తే ఇంటిల్లిపాదికీ ముప్పే.

అయితే ఇళ్లు కట్టించినంత మాత్రాన సరిపోదు. ముంబైలో మురికివాడల నుంచి తరలించిన కుటుంబాల కోసం కట్టిన లల్లూభాయ్ కాంపౌండ్, నట్వర్ పారేఖ్ కాంపౌండ్‌లనే చూడండి. అక్కడ భవనాల మధ్య ఖాళీ సుమారు 3 మీటర్లే. కింది అంతస్తుల్లోకి ఎండ రాదు, గాలి ఆడదు. డాక్టర్స్ ఫర్ యూ సంస్థ జరిపిన అధ్యయనం 2018లో బయటికి వచ్చింది. ఈ రెండు చోట్లా దాదాపు ప్రతి పది ఇళ్లలో ఒక ఇంట టీబీ కనిపించింది. అదే ప్రాంతంలో, భవనాలు దూరదూరంగా ఉన్న పీఎంజీ కాలనీలో అది చాలా తక్కువ. కింది అంతస్తుల వాళ్లే ఎక్కువగా జబ్బుపడ్డారు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

పునరావాస భవనాలకు మధ్య ఖాళీని తగ్గించుకోవచ్చని నిబంధనల్లోనే సడలింపు ఇచ్చారు. ఇళ్ల కోసం ఉద్యమించేవాళ్లు ముందు ఆ సడలింపును ప్రశ్నించాలి, అదీ ప్లాను ఖరారు కాకముందే.