ఇన్‌హేలర్ వాడుతున్నా బాబుకు దగ్గు తగ్గడం లేదు

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్ళు. ఆస్తమా అని చెప్పి డాక్టరుగారు రోజూ పొద్దున, రాత్రి బ్యుడెసొనైడ్ ఇన్‌హేలర్, ఆయాసం వచ్చినప్పుడు సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్ వాడమన్నారు. రెండు నెలలైనా రాత్రిపూట దగ్గు తగ్గలేదు. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ డబ్బా) అంటే పేచీ పెడతాడని నేరుగా నోట్లోనే కొడుతున్నాం. మరీ ఏడిస్తే నిద్రపోయాక మాస్కు పెడుతున్నాం. ఇన్‌హేలర్ అలవాటైతే ఇక మానలేమని, మృగశిర కార్తెకు హైదరాబాద్ తీసుకెళ్ళి చేప మందు వేయించమని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మందు మార్చే ముందు, మోతాదు పెంచే ముందు, దానిని ఇస్తున్న తీరును సరిచేసి చూడాలి. ఇన్‌హేలర్ నొక్కగానే మందు తుంపర చాలా వేగంగా బయటికి వస్తుంది కాబట్టి, నొక్కడమూ పీల్చడమూ ఒకే క్షణంలో కుదరాలి. అది పెద్దవాళ్ళకే కష్టం. నేరుగా నోట్లో కొట్టినప్పుడు మందులో ఎక్కువ భాగం నాలుక మీద, గొంతు వెనక పడి కడుపులోకి పోతుంది. స్పేసర్ ఆ తుంపరను కాసేపు పట్టి ఉంచి, పిల్లవాడు తన మామూలు ఊపిరితోనే పీల్చుకునే వీలు కల్పిస్తుంది.

ఐదేళ్ళ పిల్లలు చాలామంది మాస్కు లేకుండా, స్పేసర్ గొట్టాన్ని పళ్ళ మధ్య ఉంచి పెదవులు బిగించి పీల్చగలరు. మీ బాబుకు అది రాకపోతే మాస్కే వాడండి. బాబును నిటారుగా కూర్చోబెట్టి, ఇన్‌హేలర్ మూత తీసి, బాగా ఊపి, స్పేసర్‌కు అమర్చి, ఒక్క పఫ్ మాత్రమే నొక్కి, అయిదారు ఊపిర్లు నింపాదిగా తీసుకోనివ్వండి. ప్రతి ఊపిరికీ స్పేసర్ కవాటం కదులుతోందో లేదో చూడండి. మాస్కు అయితే ముక్కు, నోటి చుట్టూ గట్టిగా ఆనాలి. బుగ్గ దగ్గర కొద్దిపాటి సందు ఉన్నా కవాటం సరిగ్గా కదలదు, మందూ అందదు. రెండో పఫ్ రాసి ఉంటే అరనిమిషం ఆగి, మళ్ళీ ఊపి ఇవ్వాలి. పని తొందరగా అయిపోతుందని రెండూ ఒకేసారి కొడితే మందు చాలావరకు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది.

ఏడుస్తున్నప్పుడు పిల్లలు ఎక్కువసేపు ఊపిరి వదులుతూ మధ్యలో ఒక్కసారి ఎగపీలుస్తారు కాబట్టి మందు లోపలికి వెళ్ళేది నామమాత్రమే. నిద్రలో మాస్కు పెట్టినా చాలామంది ఉలిక్కిపడి లేస్తారు. మందు వేళ కానప్పుడు ఖాళీ స్పేసర్‌ను ఆడుకోవడానికి ఇవ్వండి, బొమ్మకు మాస్కు పెట్టించండి, ఊపిర్లు వాడినే లెక్కపెట్టమనండి. పళ్ళు తోమే ముందు పఫ్ ఇచ్చే అలవాటు చేస్తే పేచీ తగ్గడమే కాదు, ఆ వెంటనే నోరు పుక్కిలించడం వల్ల నోట్లో తెల్లపూత వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది.

స్పేసర్‌ను వారానికో రెండు వారాలకో ఒకసారి గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడిగి, అలాగే ఆరనివ్వండి. శుభ్రత పట్టింపు ఎక్కువున్న ఇళ్ళలో దానిని గుడ్డతో తళతళలాడేలా తుడుస్తుంటారు. ఆ రాపిడికి ప్లాస్టిక్‌లో విద్యుదావేశం పుట్టి మందును గోడలకే లాక్కుంటుంది.

అత్తయ్యగారి భయం సహజమే. అయితే రోజూ వాడే ఈ బ్యుడెసొనైడ్‌ను కొలిచేది మైక్రోగ్రాముల్లో. ఇది వ్యసనం కాదు. దీర్ఘకాలం వాడిన కొందరు పిల్లల్లో ఎత్తు ఒక సెంటీమీటరు దాకా తగ్గవచ్చు, కానీ అదుపులో లేని ఆస్తమా కూడా ఎదుగుదలను దెబ్బతీస్తుంది. చేప మందు ఆస్తమాను తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు, ప్రాణమున్న చేపపిల్ల చిన్నపిల్లల గొంతుకు అడ్డుపడే ప్రమాదమూ ఉంది. దాని కోసం రోజువారీ ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి.

సాల్బ్యుటమాల్ ఇచ్చాక కూడా డొక్కలు ఎగరేస్తున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇలా పద్ధతి సరిచేశాక కూడా దగ్గు ఉంటే, స్పేసర్ వెంట తీసుకెళ్ళి డాక్టరుగారి ఎదుటే ఒక పఫ్ ఇచ్చి చూపించండి.

ప్రశ్న: పదకొండేళ్ళ మా పాపకు రోటాహేలర్ ఇచ్చారు. దీనిని కూడా మెల్లగానే పీల్చాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇది పొడి మందు, కాబట్టి గట్టిగా, వేగంగా, లోతుగా పీల్చాలి. ముందుగా ఊపిరి పూర్తిగా బయటికి వదలమనండి, కానీ రోటాహేలర్‌లోకి వదలకూడదు. పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. తర్వాత తెరిచి చూసి, పొడి మిగిలి ఉంటే మరోసారి పీల్చాలి. వానాకాలంలో చెమ్మకు పొడి గడ్డకడుతుంది కాబట్టి, మందు గొట్టాలను (క్యాప్సూల్స్‌ను) వాడబోయేముందు మాత్రమే డబ్బాలోంచి తీయండి.