గొల్లభామ మిడత కాదా?

సందేహం: బతుకమ్మకి గునుగు పూలు సర్దుతుంటే కట్టలోంచి ఒక పచ్చ పురుగు బయటికి వచ్చింది. ముందుకాళ్లు రెండూ దండం పెట్టినట్టు ముడుచుకుని కూర్చుంది. మా అత్తమ్మ దాన్ని గొల్లభామ అన్నది. మా ఆయన మిడత అన్నారు. పాప ఫోన్‌లో వెతికి 'ప్రార్థించే మిడత' అని చదివింది. వీటిలో ఏది సరైన మాట? సిద్దిపేట గొల్లభామ చీరకీ ఈ పురుగుకీ ఏమైనా సంబంధం ఉందా? (హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీ అత్తమ్మగారి మాటే నిలుస్తుంది. అలాగని మీ ఆయన్ని మరీ ఆటపట్టించకండి. ఈ రెండు మాటలూ వాడుకలో ఎప్పటినుంచో కలగాపులగంగా ఉన్నాయి. గడ్డిలో గెంతే పచ్చ మిడతని కూడా గొల్లభామ అనేవాళ్లున్నారు. నిఘంటువు తీస్తే గొల్ల స్త్రీ అనే అర్థం పక్కనే ఒక పురుగు అనే అర్థమూ కనిపిస్తుంది కానీ, అంతమాత్రాన తగువు తీరదు. అంతెందుకు, జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ అంతటివాడే 1758లో దీన్ని మిడతలతోనూ కీచురాళ్లతోనూ కలిపి 'గ్రిల్లస్' అంటూ ఒకే గాటన కట్టేశాడు. తర్వాతి వాళ్లు ఆ కట్టు విప్పి దీన్ని వేరుచేశారు. అసలు చుట్టరికం చూస్తే గొల్లభామకి దగ్గరివాళ్లు మిడతలు కావు. బొద్దింకలు, చెదపురుగులు! ఈ మాట మీ పాపకి చెప్పండి, అత్తమ్మగారికి మాత్రం పండగ అయ్యాక చెప్పండి.

రెంటినీ గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మిడత బలమంతా వెనక కాళ్లలో ఉంటుంది, గెంతడానికి. గొల్లభామ బలం ముందు కాళ్లలో. వాటి లోపలి అంచున రంపం పళ్లలా ముళ్లుంటాయి. మిడత ఆకు తింటుంది, గొల్లభామ తోటి పురుగుల్ని తింటుంది. మీరు చూసిన దండం దండం కాదు, మాటు. ఈగో సీతాకోకచిలకో అందేంత దూరానికి వచ్చిందంటే సెకనులో పదో వంతు కూడా పట్టదు, ముళ్ల మధ్య ఇరుక్కుంటుంది. దూరాన్ని అంత కచ్చితంగా ఎలా అంచనా కడుతుందో చూడాలని ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు దాని కళ్లకి చిన్న త్రీడీ అద్దాలు అంటించి సినిమా చూపించారు. మనలాగే రెండు కళ్లనీ కలిపి లోతు పసిగడుతుందని ఆ ప్రయోగంలో తేలింది. 2016లో ఆ ఫలితాలు ప్రచురించారు. చెవి మాత్రం చాలా జాతుల్లో ఒక్కటే. అది తల మీద ఉండదు, ఛాతీ కింద కాళ్ల మధ్య ఉంటుంది. రాత్రి ఎగిరేటప్పుడు గబ్బిలం చేసే, మనకి వినపడని కూతని దాంతోనే వింటుంది.

ఇక 'ప్రార్థించే మిడత' సంగతి. 'ప్రేయింగ్ మాంటిస్' అనే ఇంగ్లిషు పేరుని ముక్కకి ముక్క పెట్టి చేసిన మాట అది. మిడత కానిదాన్ని మిడత అంటోంది కాబట్టి నాకు నచ్చదు. దండం పెట్టడం అనే పోలికే కావాలంటే పక్క భాషలు చక్కగా వాడుకున్నాయి. తమిళులు కుంబిడు పూచ్చి అంటారు, అంటే దండం పెట్టే పురుగు. మలయాళంలో తొళుకయ్యన్, చేతులు జోడించినవాడు. మనకి గొల్లభామ ఉండగా కొత్త పేరు అక్కర్లేదు.

'మాంటిస్' దగ్గర ఒక తమాషా ఉంది, చెప్పకుండా ఉండలేను. అది గ్రీకు మాట, జోస్యం చెప్పేవాడు అని అర్థం. మన మిడతంభొట్లు గుర్తొచ్చాడా? రాజు గుప్పిట్లో ఏముందని అడిగితే, దిక్కు తోచక 'మిడతంభొట్లు దొరికిపోయాడు' అని తన గోడు తాను చెప్పుకుంటాడు. తీరా గుప్పిట్లో ఉన్నది మిడతే! గ్రీకులు పురుగుకి జోస్యుడి పేరు పెట్టారు, మనం జోస్యుడికి పురుగు పేరు పెట్టాం.

మరి మనవాళ్లకి గొల్లభామే ఎందుకు తోచింది? నా ఊహ చెబుతాను. ఈ పురుగు ఎప్పుడూ కదలకుండానే కూర్చోదు. ఒక్కోసారి గాలికి ఊగే ఆకులా ముందుకీ వెనక్కీ మెల్లగా ఊగుతుంది. ముడిచిన చేతులతో అలా ఊగుతుంటే కవ్వం తాడు లాగుతూ చల్ల చిలికే మనిషిలాగే ఉంటుంది. పొడుగు మెడ, దాని చివర అటూ ఇటూ తిరిగే తల కూడా తోడయ్యాక భామ అనకుండా ఎలా ఉంటారు? గుడ్లు పెట్టేటప్పుడు తెల్లటి నురగ వదులుతుంది. అది ఆరి గట్టిపడి కొమ్మకి గూడులా అతుక్కుంటుంది. పాల నురగ గుర్తొచ్చి ఆ పేరు పెట్టారంటే కాదనను గానీ, నాకు కవ్వమే బాగుంది.

పురుగు ఒక్కటే రకం కాదు. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ కలిపి 2,400 దాకా జాతులున్నాయి, ఎక్కువ భాగం వేడి దేశాల్లోనే. మన దేశంలో 160కి పైగా ఉన్నాయి. చెట్టు బెరడులో కలిసిపోయేవి, గడ్డిపోచలా సన్నగా ఉండేవి, పువ్వులో పువ్వులా కూర్చునేవి ఉన్నాయి. దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఎండుటాకులాంటి రకం ఒకటుంది, ఆకారం అచ్చం వయొలిన్. వీటన్నిటికీ తెలుగులో విడివిడి పేర్లు లేవు. బెరడు గొల్లభామ, పూల గొల్లభామ అని జోడిస్తే సరిపోతుంది.

మిడతకీ గొల్లభామకీ ఉన్న తేడా పట్టింపు చేలో ఇంకా ఎక్కువ. 2020లో మిడతల దండు మహారాష్ట్ర దాకా వస్తే ఆదిలాబాద్ వైపు రైతులకి ఎంత టెన్షనో చూశాం. ఆ దండులో గొల్లభామ ఉండదు, అది గుంపు కట్టదు. పత్తి చేలో కనిపిస్తే మిత్ర పురుగే. కాకపోతే మిత్రుడెవరో శత్రువెవరో చూడకుండా తేనెటీగనీ తింటుంది. ఆకలి మీదుంటే జతకట్టిన మగదాన్నీ తింటుంది, ప్రతిసారీ కాదు లెండి. ఆ మగదాన్ని ఏమనాలి అని మీ పాప అడగొచ్చు. మగ గొల్లభామ అనండి, పర్వాలేదు. పేరు పురుగుకి స్థిరపడిపోయాక అందులోని భామకి ఆడతనం అంటుకుని ఉండదు.

సిద్దిపేట చీరకీ పురుగుకీ సంబంధం లేదు. చీర మీద నేసేది నెత్తిన కుండ పెట్టుకున్న నిజం గొల్లభామనే. ఏకవచనంలో తెలుగు ఈ ఇద్దర్నీ వేరుచేయదు. పాలమ్మే ఆమె అయినా పురుగైనా 'గొల్లభామ వచ్చింది' అనే అంటాం. బహువచనంలో దొరికిపోతాం. పాల కుండలతో గొల్లభామలు వచ్చారు, గునుగు పూలలో గొల్లభామలు వచ్చాయి. చీర అంచున బారులు తీరినవాళ్లని ఉన్నారు అనాలా, ఉన్నాయి అనాలా అంటే, బొమ్మలు కాబట్టి ఉన్నాయి అనడమే వాడుక. నేసిన చేతుల మీది గౌరవంతో ఎవరైనా ఉన్నారు అంటే నేను మాత్రం దిద్దను.