వాచిన మొటిమలకు లేజర్ ఎప్పుడు?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 23. రెండేళ్లుగా బుగ్గల మీద, గడ్డం మీద ఎర్రగా వాచి నొప్పి పెట్టే మొటిమలు వస్తున్నాయి. అవి మానిన చోట నల్ల మచ్చలు మిగిలిపోతున్నాయి. లేజర్ చేయిస్తే ఇక రావని చెప్పి, ఒక బ్యూటీ క్లినిక్ వారు ఆరు సిట్టింగులకు ముందే డబ్బు కట్టమంటున్నారు. చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇప్పుడే డబ్బు కట్టకండి. ముందు అది ఏ లేజరో అడిగి తెలుసుకోండి. పల్స్‌డ్ డై లేజర్ ప్రధానంగా రక్తనాళాల మీద పనిచేస్తుంది. దానితో వాపు తగ్గిందని 2003లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వెలువడితే, మరుసటి ఏడాదే ‘జామా’లో వచ్చిన మరో అధ్యయనంలో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. నేరుగా నూనె గ్రంథులనే వేడిచేసి అణచే 1726 నానోమీటర్ల లేజర్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో అనుమతినిచ్చింది. ఆ కాంతిని చర్మపు రంగుకు కారణమైన మెలనిన్ అంతగా పీల్చుకోదు కనుక చామనఛాయ వారికీ అది కొంత అనుకూలమే. అయితే ఫలితం కనబడడానికి నెలలు పడుతుంది, మొటిమలు మళ్లీ రావన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

మన చర్మతత్వానికి అసలు చిక్కు మచ్చలతోనే. వాపు మీదున్న చర్మానికి తగని లేజర్ తగిలితే ఆ వేడికి మచ్చలు మరింత ముదురుతాయి. అందువల్ల మీకు మొదట కావలసింది మందులు: అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ పూతలు, అవసరమైతే కొద్ది నెలల పాటు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్. వీటికి లొంగకపోతే నోటి ద్వారా వేసుకునే ఐసోట్రెటినాయిన్ ఉంది. అయితే అది గర్భస్థ శిశువుకు తీవ్రమైన హాని చేస్తుంది కాబట్టి, గర్భం రాకుండా జాగ్రత్తపడుతూ, చర్మవైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి. మొటిమలు గడ్డం మీదా వస్తున్నాయన్నారు. నెలసరి సక్రమంగా రాకపోయినా, అవాంఛిత రోమాలు పెరుగుతున్నా పీసీఓడీ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) పరీక్షలు కూడా చేయించుకోండి. తెల్లబడడానికని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీము ఏదైనా రాస్తుంటే, మొటిమలకు అదే కారణం కావచ్చు. ఒక్కసారిగా ఆపితే ముఖం మండి ఎర్రబడవచ్చు కనుక, ఎలా మానాలో వైద్యుల వద్దే తెలుసుకోండి.

ఎండలోకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ మానకండి. వాపు పూర్తిగా అణిగాక నల్ల మచ్చలు నెలల మీద వాటంతటవే పలచబడతాయి. గుంటలు మిగిలితే అప్పుడు లేజర్ గురించి ఆలోచించవచ్చు. ఆ సమయానికి ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే ఆ సంగతి లేజర్ చేసేవారికి ముందే చెప్పండి.