డాక్టర్ సలహా: మొదటి విడత కీమోకే నాన్న నీరసించిపోయారు, కీమో పడదా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్, స్టేజ్ 3. ఆపరేషన్ అయ్యాక ఆక్సాలిప్లాటిన్ ఎక్కించి, 14 రోజులకు కేపసిటాబిన్ మాత్రలు రాశారు. తొమ్మిదో రోజుకే నోరంతా పూత, రోజుకు పది విరేచనాలు. తెల్ల రక్తకణాలు పడిపోయి ఆస్పత్రిలో చేర్చాం. ఇవే మందులు వాడిన మా పక్కింటాయన రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చారు. నాన్నకు కీమో పడదా? డోసు తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుందా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అర్థమైంది. ముందుగా ఒక మాట. ఇది మీ నాన్నగారి ఒంట్లో బలం లేక వచ్చిందనుకోకండి.

కేపసిటాబిన్ మాత్ర ఒంట్లోకి వెళ్లాక 5-ఎఫ్‌యూ అనే మందుగా మారుతుంది. క్యాన్సర్ కణాల మీద పనిచేసేది అదే. ఈ 5-ఎఫ్‌యూలో 80 శాతానికి పైగా కాలేయంలోని డీపీడీ అనే ఎంజైమ్ విరిచేసి బయటికి పంపుతుంది. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు పేరు డీపీవైడీ. పుట్టుకతోనే ఈ జన్యువులో తేడా ఉన్నవాళ్లలో మందు తొందరగా ఖర్చవదు, రక్తంలోనే నిలిచిపోతుంది. దాంతో అందరికీ సరిపోయే డోసు వాళ్లకు ఓవర్‌డోసు అవుతుంది. నోటిపూత, విరేచనాలు, కణాలు పడిపోవడం, మూడూ మొదటి సైకిల్‌లోనే, అంటే మొదటి విడత మందులకే, కలిసి వచ్చాయంటే నేను ముందు అనుమానించేది దీన్నే.

కాబట్టి రెండో సైకిల్‌కు ముందే డీపీవైడీ పరీక్ష గురించి మీ డాక్టరుగారిని అడగండి. కొద్దిగా రక్తం తీస్తే చాలు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2020 నుంచి ఈ మందులు మొదలుపెట్టే ముందే డీపీడీ లోపం ఉందేమో చూడమంటోంది. మన దగ్గరా ప్రతి పేషెంటుకూ ఇది ముందే జరగాలని నా గట్టి అభిప్రాయం. ఒక జాగ్రత్త: ఈ పరీక్షలో మామూలుగా చూసే నాలుగు జన్యు తేడాలూ ఎక్కువగా యూరప్ వాళ్లలో గుర్తించినవి. రిపోర్టు నార్మల్ అని వచ్చినా, జరిగింది జరిగినట్టు చెప్పి డోసు గురించి మాట్లాడాల్సిందే.

డోసు తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుందా అన్నారు. ఒకే కొలత చొక్కా ఇద్దరికి సరిపోదు కదా! ఎంజైమ్ తక్కువున్న మనిషికి సగం డోసు ఇస్తే, రక్తంలో మందు ఇంచుమించు మిగతావాళ్లకు పూర్తి డోసుతో చేరినంత చేరుతుంది. అలా సగంతో మొదలుపెట్టి, తట్టుకుంటే పెంచుతారు. ఎంజైమ్ అసలే లేనివాళ్లకు మాత్రం ఈ మందు ఇవ్వకూడదు. బాధ ఎక్కువైతేనే మందు బాగా పనిచేస్తున్నట్టు అన్న మాట కూడా నమ్మకండి.

ఇది ఒంటి జన్యువుల సంగతి. గడ్డ జన్యువులు వేరు, వాటిని ఆపరేషన్‌లో తీసిన ముక్క మీద చూస్తారు. అందులో ఎంఎంఆర్ పరీక్ష, అంటే డీఎన్ఏలో తప్పులను సరిదిద్దే వ్యవస్థ గడ్డలో పనిచేస్తోందో లేదో చూసేది, అయిందో లేదో కనుక్కోండి. తేడా కనిపిస్తే అది లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య కావచ్చు. అప్పుడు మీరూ, మీ తోబుట్టువులూ పరీక్ష చేయించుకోవాలి. కేరాస్ అనేది గడ్డలో చూసే మరో జన్యువు. ఆ పరీక్ష జబ్బు వేరే చోటికి పాకినప్పుడు మందు ఎంచుకోవడానికి పనికొస్తుంది. ఇప్పటికి దాని గురించి కంగారు వద్దు.

మళ్లీ కీమో మొదలయ్యాక ఒక నోట్‌బుక్‌లో రోజూ విరేచనాల లెక్క రాయండి. మామూలు కంటే నాలుగు ఎక్కువైనా, జ్వరం 100.4 దాటినా మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయండి, రాత్రయినా సరే. ఇంట్లో మిగిలిన కేపసిటాబిన్ స్ట్రిప్పులు ఆస్పత్రికి తీసుకెళ్లి చూపించండి. డాక్టరుగారు కొత్త డోసు రాసేదాకా ఒక్క మాత్ర కూడా వేయకండి.