పాట వీడియోను తీసేయమనే అధికారం ఎవరికి ఉంది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లెటూరు. ఉభాల (వరినాట్ల) సమయంలో మా అమ్మమ్మ పాడే పాటను మా తమ్ముడు, అతని స్నేహితులు ఆల్బమ్‌గా చిత్రీకరించి యూట్యూబులో పెట్టారు. అందులో ఆడిన అమ్మాయి నడుము ఊపు అసభ్యంగా ఉందని ఊరి పెద్దలు దాన్ని తీసేయమంటున్నారు. సెన్సారు సర్టిఫికెట్ లేకుండా చూపడమే నేరమని, అమెరికాలో మడోన్నా అనే గాయని పాటనే ప్రభుత్వం నిషేధించిందని ఒకాయన అన్నారు. ఇందులో నిజమెంత?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆయన చెప్పిన రెండు మాటల్లోనూ పొరపాటు ఉందమ్మా. 1990 చివర్లో మడోన్నా విడుదల చేసిన 'జస్టిఫై మై లవ్' పాట వీడియోను, అందులోని శృంగార దృశ్యాల కారణంగా, ప్రసారం చేయబోమని చెప్పింది ఎమ్‌టీవీ అనే ప్రైవేటు చానెల్. అమెరికా ప్రభుత్వం కాదు. ఆమె దాన్ని వీడియో క్యాసెట్టుగా దుకాణాల్లో అమ్మింది. ఏబీసీ చానెల్ 'నైట్‌లైన్' కార్యక్రమంలో మొత్తం వీడియోను చూపి, ఆమెను ప్రశ్నలడిగింది. 1991 జనవరిలో ఆ పాట అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. హింసను, స్త్రీని కించపరిచే దృశ్యాలను ప్రసారం చేసేవారికి ఇష్టపడిన వయోజనుల మధ్య శృంగారం మాత్రమే ఎందుకు తప్పుగా తోచిందని ఆమె అడిగింది. ఆ వీడియో నచ్చనివారు కూడా ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉంటుందని నా నమ్మకం.

ఇక మన చట్టం సంగతి. సర్టిఫికెట్ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఊహించగలను. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనలకు 2006లో చేసిన సవరణ ప్రకారం, సినిమా పాటలే కాదు, మ్యూజిక్ వీడియోలు, ఆల్బమ్‌లు కూడా అందరూ చూడదగినవని సెన్సారు బోర్డు ధ్రువీకరించిన తర్వాతే కేబుల్‌లో ప్రసారం కావాలి. కాబట్టి మీ ఊరి కేబుల్ ఆపరేటరు తన లోకల్ చానెల్‌లో ఈ పాట వేస్తే సర్టిఫికెట్ అడగడం సబబే. మీ తమ్ముడు సొంతంగా యూట్యూబులో పెట్టిన పాటకు ఆ నిబంధన వర్తించదు. అయితే అక్కడ ఏదైనా పెట్టవచ్చని దీని అర్థం కాదు: కామోద్రేకం కలిగించే అశ్లీలాన్ని ఆన్‌లైన్‌లో ప్రచురిస్తే, 2000 నాటి ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద మొదటిసారి నేరానికే 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఏది అశ్లీలమో తేల్చేటప్పుడు ఒక ముక్కను విడదీసి కాక సందర్భంతో కలిపి, నేటి సమాజపు ప్రమాణాలతో చూడాలని సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో చెప్పింది. ఊడ్పు చేలో నడుము కదిపినంత మాత్రాన అశ్లీలమంటే ఆ కొలతకు నిలవడం కష్టం. పెద్దలకు అభ్యంతరం ఉంటే పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు, యూట్యూబుకు నివేదించవచ్చు; తీసేయమని ఆజ్ఞాపించే అధికారం మాత్రం వారికి లేదు.

తెలుగువారికి ఇది కొత్త తగవు కాదు. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం 'రాధికా సాంత్వనము'ను గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చు వేయిస్తే, అశ్లీలమని ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947లో ప్రకాశం పంతులుగారు పూనుకోవలసి వచ్చింది. స్త్రీ రాసిన శృంగారాన్ని మరో స్త్రీ వెలుగులోకి తెచ్చినందుకు అంతకాలం అది అజ్ఞాతంలో ఉండవలసి వచ్చిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది వేరొకటి: పెద్దల మాట ఉంది, తమ్ముడి మాట ఉంది, ఆడిన అమ్మాయి మాట లేదు. ఆమెకు 18 ఏళ్లు నిండాయా? ఏ కోణంలో తీస్తున్నారో ఆమెకు ముందే చెప్పారా? పూర్తయిన వీడియోను యూట్యూబులో పెట్టేముందు చూపారా? ఆమె మైనరై, చిత్రణ అసభ్యంగా ఉంటే, పిల్లలను లైంగిక నేరాలనుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ముందుకు వస్తుంది, నా జవాబూ మారిపోతుంది. ఆమె పెద్దదై, ఇష్టపడి ఆడి ఉంటే, ఈ తగవులో అందరికంటే ముందు వినవలసిన గొంతు ఆమెదే. ఊళ్లో ఎవరైనా ఆమెను వేధిస్తుంటే, వీడియో గొడవ పక్కనపెట్టి, మీ తమ్ముడు, స్నేహితులు ముందుగా ఆమె వెంట నిలబడాలి. ఆమె వద్దంటే మాత్రం, ఎన్ని వేలమంది చూసినా సరే, వీడియోను తీసేయమనే నా సలహా.

ఇంకొక్క మాట. ఆ పాట కింద మీ అమ్మమ్మగారి పేరు రాశారా? లేకపోతే ఈరోజే రాయించండి.