విశాఖ పాత ఊరిని బాగుచేయాలంటే ముందు నూతులను చూడాలి

విశాఖ పాతనగరాన్ని పడగొట్టి కట్టకుండా, పర్యావరణానికి మేలు జరిగేలా పునరుద్ధరించడం సాధ్యమేనా అన్నది ప్రశ్న. ముమ్మాటికీ సాధ్యమే. ఆ పాతనగరంలోనే, వన్‌టౌన్‌లో పెరిగినవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, ఆ పని రోడ్ల విస్తరణతో కాదు, నూతులతో మొదలుకావాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక నగరమంతటా కరెంటు పోయింది, కొళాయిలు ఆగిపోయాయి, మోటార్లు తిరగక అపార్టుమెంట్ల వారు ఖాళీ బిందెలతో మెట్లు దిగివచ్చారు. మా వీధి చివర పెంకుటింటి పెరట్లో ఒక రాతి నుయ్యి ఉండేది. తుప్పు పట్టిన దాని గిలకకు ఎవరో పడవ తాడు తెచ్చి కట్టారు. ఆ ఇంటి పెద్దావిడ చప్టా మీద నిలబడి, "పసిపిల్లలున్నవాళ్లను ముందు తోడుకోనివ్వండమ్మా" అంటూ వరుసను నడిపించారు. కరెంటు వచ్చేదాకా వీధి మొత్తాన్నీ ఆదుకున్నది ఆ నుయ్యే. కొన్నేళ్ల తర్వాత ఆ స్థలం కొన్న బిల్డరు కూల్చిన గోడల రాళ్లనే అందులో పోయించి, పైన కార్ల పార్కింగు కట్టించాడు.

ఏలేరు జలాశయం నీరు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మనకు చేరుతుండగా, మన డాబాల మీద పడిన వాన మురుగుకాలువ గుండా సముద్రంలో కలుస్తోంది. ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన అనుకున్నా, 100 చదరపు మీటర్ల డాబా మీద లక్ష లీటర్లు పడతాయి. వడపోసి పాత నూతిలోకి వదిలితే అందులో చాలా భాగం భూమిలోకి ఇంకుతుంది. తీరం వెంబడి భూమిలో ఉప్పునీటిపైన మంచినీరు తేలి ఉంటుంది కనుక, ఇంకించకుండా బోర్లతో తోడుతూ పోతే ఉప్పునీరు పైకి వస్తుంది.

2016లో కేంద్ర ప్రభుత్వ స్మార్ట్ సిటీల తొలి జాబితాలో విశాఖ పేరు వచ్చింది. హుద్‌హుద్ తర్వాత ప్రపంచబ్యాంకు రుణంతో కరెంటు తీగలను భూగర్భంలో వేయడం మంచి పనే. కానీ బాగున్న ఫుట్‌పాత్ పలకలను పీకి మళ్లీ పలకలే వేయడం, కొండల నుంచి దిగే గెడ్డలకు (వాగులకు) అడుగున కూడా సిమెంటు పోసి నీరు ఇంకకుండా చేయడం నాకు తీవ్రమైన బాధ కలిగిస్తున్నాయి.

వాననీటి ఇంకుడు ఏర్పాట్ల గురించి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టంలోనే ఉంది. పాత ఇల్లు కూల్చడానికి అనుమతి కోరినప్పుడు అధికారులు స్వయంగా వచ్చి పెరడు చూడాలి. అక్కడ నుయ్యి ఉంటే, దానిని పూడ్చకుండా డాబా నీటిని అందులోకి మళ్లించినట్టు చూపని ప్లానుకు నగరపాలక సంస్థ జీవీఎంసీ ఆమోదం ఇవ్వకూడదు.